గడప ముందు నిలబడ్డ ఆడవాళ్ళు



నెల్లూరు జిల్లా కలిగిరి మండలంలో దూబగుంట అని ఒక ఊరుంది. నలభై ఏళ్ళు దాటిన వాళ్ళకి ఆ పేరు గుర్తుండే ఉంటుంది. సారా వ్యతిరేక ఉద్యమం పుట్టిన ఊరది. ఆ ఉద్యమం గురించి ఎప్పుడు మాట్లాడుకున్నా వేలంపాటలు, నిషేధం, ఎన్నికలు, ముఖ్యమంత్రి తొలి సంతకం, ఇవే చెప్పుకుంటాం. ఈ పూట నేను అదే కథని ఇంకో వైపు నుంచి చెప్పాలనుకుంటున్నాను. ఇంట్లో ఆడమనిషిని కొడుతుంటే ఊరు ఏం చెయ్యాలి అన్న ప్రశ్నకి ఆ పల్లెల ఆడవాళ్ళు ఒక జవాబు వెతుక్కున్నారు. ఆ జవాబులో సగాన్ని మనం పట్టించుకోలేదు. ఆ సగం గురించే ఈ ప్రసంగం.

తొంభైల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం పేరుతో సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమం నడిచింది. పగలంతా కూలికి పోయి వచ్చి, పొయ్యి మీద ఇంత కూడు వండి, పిల్లల్ని పడుకోబెట్టి, ఆడవాళ్ళు రాత్రి బడికి వచ్చేవాళ్ళు. వీధి దీపం కిందో, గుడి అరుగు మీదో, బడి వరండాలోనో కూర్చునేవాళ్ళు. వాళ్ళు చదువుకున్న వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉంది. తాగుబోతు మొగుడి చేతిలో ఒక ఆడమనిషి పడ్డ పాట్ల కథ అది. అక్షరాలు నేర్పడానికి పెట్టిన పాఠమే, కానీ చదువుతున్న వాళ్ళకి అది తమ ఇంటి సంగతిలాగే అనిపించింది. ఒకామె తన గోడు చెప్పింది. పక్కనున్నామె, మా ఇంట్లోనూ అంతే అంది. ఇంకొకామె చీర కొంగు తీసి భుజం మీద కమిలిన చోటు చూపించింది. ఇలా ఎన్ని ఊళ్ళలో ఎంతమంది చెప్పుకున్నారో లెక్క రాసినవాళ్ళు లేరు. కానీ ఆ రాత్రి బళ్ళలో పనిచేసిన వాళ్ళని ఎవరిని అడిగినా ముందు ఇదే చెబుతారు.

ఇక్కడ ఒక క్షణం ఆగుదాం. ఇంటి గుట్టు ఇంట్లోనే ఉండాలని మన ఆడపిల్లలకి ఊహ తెలిసిన దగ్గర్నుంచీ నూరిపోస్తాం. మొగుడు కొట్టాడని బయట చెబితే పోయేది అతని పరువు కాదు, ఆమె పరువే. అందుకే ప్రతి ఆడదీ ఇది తన ఒక్కదాని తలరాత అనుకుంటుంది. తను సరిగా వండలేదేమో, ఎదురు మాట్లాడిందేమో, అత్తగారికి కోపం తెప్పించిందేమో అని తనలోనే తప్పు వెతుక్కుంటుంది. పాతికమంది ఒక చోట కూర్చుని ఒకే మాట చెప్పినప్పుడు, ఇంతమందీ ఒకేసారి తప్పు చేసి ఉండరు కదా అన్న ఆలోచన మొదటిసారి వస్తుంది. చదువు వాళ్ళకి ఇచ్చిన వాటిలో అక్షరాల కంటే ముందు చెప్పుకోవాల్సింది ఈ ఆలోచనే అని నేను నమ్ముతాను.

అప్పట్లో సారా ఊరికి ఎలా వచ్చేదో ఇప్పటి పిల్లలకి తెలియదు. వారుణి వాహిని పేరుతో ప్రభుత్వమే ప్లాస్టిక్ పొట్లాల్లో సారా సరఫరా చేసింది. కాంట్రాక్టర్ల జీపులు ఆ పొట్లాలని ఊరి నడిమధ్యకే తెచ్చి పడేసేవి. తాగునీళ్ళు సరిగా రాని ఊరికి కూడా సారా మాత్రం వేళ తప్పకుండా వచ్చేది. అప్పు పెట్టి తాగమనేవాళ్ళు, కూలి డబ్బుల్లో పట్టుకునేవాళ్ళు. 1970-71లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎక్సైజు ఆదాయం 39 కోట్ల రూపాయలు. 1991-92 నాటికి అది 812 కోట్లయింది. ఆ 812 కోట్లలో ఒక్కో రూపాయీ ఎవరి ఇంటి నుంచి వచ్చిందో, ఆ రూపాయి వెళ్ళిపోయిన రాత్రి ఆ ఇంట్లో ఏం జరిగిందో బడ్జెట్ పుస్తకంలో రాయరు. రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్ళకి మాత్రం అది చూడకుండానే తెలుసు.

దూబగుంట ఆడవాళ్ళు ముందు తమ ఊళ్ళోకి కల్లు, సారా రాకుండా అడ్డుకున్నారు. దుకాణం మూయించారు. వర్ధినేని రోశమ్మ వాళ్ళ ముందు నడిచింది. తర్వాత ఊరి పేరే ఆమె ఇంటిపేరైపోయి, దూబగుంట రోశమ్మ అనే పేరుతోనే ఆమె రాష్ట్రమంతా తెలిసింది. 2016లో ఆమె కన్నుమూసింది. ఆ ఊరి కథ తర్వాతి వాచకంలో పాఠమైంది. ఆడవాళ్ళు ఏకమైతే అని ఆ పాఠం పేరు. అది చదివిన పక్క ఊళ్ళ వాళ్ళు, వాళ్ళు చేసింది మనమెందుకు చెయ్యలేం అనుకున్నారు. పాఠం చదివి దుకాణం మీదికి వెళ్ళారు. 1992 వచ్చేసరికి ఉద్యమం జిల్లా అంతా పాకింది. చీపురుకట్టలు, కారప్పొడి పట్టుకుని ఊరి పొలిమేరలో కాపలా కాశారు. జీపులు ఆపారు, పొట్లాలు లాక్కుని తగలబెట్టారు. కలెక్టరాఫీసుల ముందు కూర్చుని సారా వేలంపాటలు జరగనివ్వలేదు. పాట ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ వాయిదా పడింది. ఈనాడు పత్రిక సారాపై సమరం అని రోజూ వార్తలు వేసింది. విద్యార్థి సంఘాలు, మహిళా సంఘాలు, పార్టీలు అన్నీ వెనక వచ్చి చేరాయి. వెనక వచ్చాయనే మాట గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే ఆ తర్వాత అవి ముందుకు వచ్చేశాయి.

నాకు ఆ ఉద్యమంలో అన్నిటికంటే తెలివైన పని ఒకటి కనిపిస్తుంది. వాళ్ళు మొగుళ్ళ మీద యుద్ధం ప్రకటించలేదు. సారా మీద ప్రకటించారు. పిల్లలున్న ఇల్లు, ఆ మనిషి కూలి మీద సగం బతికే ఇల్లు, రేపు మళ్ళీ అదే మనిషికి అన్నం పెట్టాల్సిన ఇల్లు. అలాంటి చోట నువ్వు చెడ్డవాడివి అంటే తలుపులు మూసుకుంటాయి. నిన్ను ఈ సారా చెడగొడుతోంది అంటే అతను తల వంచుకుని ఊరుకోవడానికైనా ఒక దారి ఉంటుంది. ఆ దారి తెరిచి ఉంచారు కాబట్టే చాలామంది మగవాళ్ళు అడ్డం రాలేదు, కొందరు వెంట నడిచారు.

ఆ తెలివికి ఒక మూల్యం కూడా ఉంది. తాగనివాడు కొట్టడా? ప్రభుత్వోద్యోగం చేస్తూ, సాయంత్రం గుడికి వెళ్ళి బొట్టు పెట్టుకుని వచ్చి, భార్యని గదిలో పెట్టి తలుపేసే వాళ్ళు మనకి తెలియరా? నిందంతా సారా మీదికి వెళ్ళిపోయింది కాబట్టి దెబ్బలు వేరే ప్రశ్నగా నిలబడలేదు. సారా పోతే అన్నీ పోతాయని నమ్మారు. ప్రభుత్వానికీ అదే సులువైంది. దుకాణం మూయడం ప్రభుత్వం చేతిలో ఉన్న పని, జీవో చాలు. ప్రతి ఇంటి గడప దగ్గర ఊరి ఆడవాళ్ళకున్న పలుకుబడిని నిలబెట్టడం జీవోతో అయ్యే పని కాదు.

1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో సారా నిషేధించారు. అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1994 చివర ఎన్నికల్లో ఎన్.టి.రామారావు సంపూర్ణ మద్యనిషేధం హామీ మీద గెలిచి, ప్రమాణస్వీకారం రోజే ఆ ఫైలు మీద సంతకం పెట్టారు. 1995 జనవరి నుంచి అది అమల్లోకి వచ్చింది. 1997లో దాన్ని సడలించారు. పల్లె ఆడవాళ్ళు ఇన్నేళ్ళు రాత్రింబవళ్ళు కాపలా కాసి తెచ్చుకున్నది ఖజానా లెక్కల ముందు రెండేళ్ళు దాటి ఎన్నో నెలలు నిలవలేదు. సంతకం పెట్టేటప్పుడు ఆ ఆడవాళ్ళ పేరు చెప్పారు. తీసేసేటప్పుడు వాళ్ళని ఎవరూ అడగలేదు. ఈ మాట చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ కోపం వస్తుంది, దాన్ని దాచుకోను.

అయితే కథ అక్కడ ఆగిపోలేదు. సారా మీద గెలిచిన వేడిలోనే నెల్లూరు జిల్లాలో పొదుపులక్ష్మి ఉద్యమం మొదలైంది. రోజుకో రూపాయి. సారా దుకాణానికి పోయే రూపాయిని దాచుకుందాం అన్నారు. ఆ పొదుపు గుంపులు, డ్వాక్రా సంఘాలు కలిసి పెరిగాయి. 2000 తర్వాత వెలుగు ప్రాజెక్టు వచ్చింది, గ్రామ సంఘాలు, మండల సమాఖ్యలు, జిల్లా సమాఖ్యలు ఏర్పడ్డాయి. ఇవాళ తెలుగు రాష్ట్రాల్లో పల్లెటూళ్ళో సంఘంలో లేని ఆడమనిషి అరుదు. మనం వీటిని అప్పులిచ్చే సంఘాలుగానే చూస్తాం. బ్యాంకులు అలాగే చూస్తాయి, పార్టీలు సభలకి జనాన్ని తోలే యంత్రాంగంగా చూస్తాయి. కానీ ఇరవై ఏళ్ళ క్రితం ఇవే సమాఖ్యల లోపల ఇంకో పని మొదలైంది. పత్రికల్లో పెద్దగా రాలేదు. దాని పేరు సామాజిక కార్యాచరణ కమిటీ. ఊళ్ళో అందరూ యాక్షన్ కమిటీ అంటారు.

అది ఎలా పనిచేస్తుందో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇందులో బలమంతా వివరంలోనే ఉంది. మండలంలోని గ్రామ సంఘాల నుంచి కొంతమంది ఆడవాళ్ళని ఎంచుకుంటారు. చదువు పెద్దగా ఉండదు, వయసు ముప్ఫై దాటి ఉంటుంది, నోరు గట్టిది, ఊళ్ళో మాట చెల్లుతుంది. వాళ్ళకి చట్టాల మీద శిక్షణ ఇస్తారు. మండల కేంద్రంలో వారానికో రోజు కుటుంబ సలహా కేంద్రం నడుపుతారు. బాధపడే మనిషి వచ్చి అర్జీ ఇస్తుంది, లేదా ఆమె తరఫున సంఘం తెస్తుంది. ముందు ఆమెతో ఒంటరిగా మాట్లాడతారు. ఏం కావాలమ్మా నీకు అని అడుగుతారు. ఈ ప్రశ్న పెద్దమనుషుల పంచాయితీలో ఎవరూ అడగరు. అక్కడ మొగుడి తండ్రి, ఆమె తండ్రి, కులపెద్ద మాట్లాడుకుంటారు, ఆమె గుంజకి ఆనుకుని నిలబడి ఉంటుంది.

ఆ తర్వాత కమిటీ ఇద్దరు ముగ్గురుగా ఆ ఊరు వెళుతుంది. మొగుడితో, అత్తమామలతో, ఇరుగుపొరుగుతో మాట్లాడుతుంది. ఇరుగుపొరుగుతో మాట్లాడడం చాలా ముఖ్యం. రాత్రిళ్ళు అరుపులు వినిపిస్తాయా అని గోడ అవతలి ఇంటామెని అడిగితే ఆమె మొదట తల అడ్డంగా ఊపుతుంది, తర్వాత మెల్లగా చెబుతుంది. అలా చెప్పిన తర్వాత ఆ ఊళ్ళో ఆ విషయం ఇక గుట్టు కాదు. కూర్చోబెట్టి మాట్లాడాక కాగితం రాయిస్తారు. అందరి ముందూ సంతకాలు. నెలకోసారి వచ్చి చూస్తామంటారు, వస్తారు కూడా. దెబ్బలు ఎక్కువైనప్పుడు, ప్రాణభయం ఉన్నప్పుడు పోలీస్ స్టేషన్‌కి వాళ్ళే తీసుకెళతారు. ఒక్కతే వెళితే, ఇంటికెళ్ళి సర్దుకోమ్మా అనే స్టేషన్‌లోనే, పదిమంది సంఘం ఆడవాళ్ళు బల్ల ముందు కూర్చుంటే కాగితం, పెన్ను బయటికి వస్తాయి.

తెలంగాణ వైపు ఈ పని ఇంకో దారిలో కూడా జరిగింది. 1993లో మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మహిళా సమాఖ్య అనే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం మొదలైంది. అప్పు, పొదుపు ఊసు లేకుండా, ఆడవాళ్ళు ఒక చోట చేరి తమ బతుకు గురించి మాట్లాడుకోవడానికే సంఘాలు కట్టారు. బాల్యవివాహాలు ఆపడం, జోగినీ ఆచారాన్ని ఎదిరించడం, ఇంట్లో హింస మీద సంఘమే తీర్పు చెప్పడం వాళ్ళ పనులు. గుజరాత్‌లోని వడోదరలో ఇదే కార్యక్రమంలోని ఆడవాళ్ళు 1995లో నారీ అదాలత్ పెట్టారు. తాలూకా ఆఫీసుకి దగ్గర్లోనే చెట్టు కింద కూర్చుని వ్యవహారాలు వినేవాళ్ళు. ఆఫీసు పక్కనే కూర్చోవడంలో ఒక ఆలోచన ఉంది. కావాల్సిన కాగితం, కావాల్సిన అధికారి పది అడుగుల దూరంలో ఉంటారు, అటూ ఇటూ తిప్పడానికి వీలుండదు. ఈ కార్యక్రమానికి కేంద్రం సాయం తర్వాత ఆగిపోయింది. మహిళల కోసం ఖర్చు పెట్టిన వాటిలో అది చాలా తక్కువ డబ్బుతో నడిచింది. ఆపాల్సిన అవసరం ఏమిటో నాకైతే అర్థం కాలేదు.

ఇప్పుడు కొన్ని అంకెలు. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, పెళ్ళయిన ఆడవాళ్ళలో భర్త చేతిలో హింస ఎదుర్కొన్న వాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం, తెలంగాణలో దాదాపు 37 శాతం. ముఖాముఖి అడిగితే ఒప్పుకున్నవాళ్ళు మాత్రమే వీళ్ళు. ఇంకో అంకె నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. చెప్పకుండా బయటికి వెళ్ళడం, వంట సరిగా చెయ్యకపోవడం, అత్తమామల్ని గౌరవించకపోవడం, వాదించడం, ఇలాంటి కారణాల్లో ఏదో ఒకదానికి భర్త కొట్టొచ్చు అని మన రెండు రాష్ట్రాల్లోనూ సుమారు 84 శాతం ఆడవాళ్ళు అన్నారు. ఆ మాట అన్న మగవాళ్ళు అంతకంటే తక్కువే. దేశంలో ఏ మూలా ఇంత ఎక్కువగా లేదు. పొదుపు సంఘాలు దేశానికే ఆదర్శమని మనం చెప్పుకునే చోట ఇది. దీన్ని చూసి ఆడవాళ్ళకి ఆడవాళ్ళే శత్రువులు అనేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. తప్పించుకునే దారి కనిపించనప్పుడు, పడే దెబ్బకి ఒక న్యాయం ఉందని నమ్మడం బతకడానికి మనిషి వెతుక్కునే ఊతం. దారి కనిపిస్తే ఆ నమ్మకం సడలుతుంది.

అదే సర్వేలో దేశం మొత్తం మీద ఇంకో లెక్క ఉంది. హింస పడ్డ ఆడవాళ్ళలో 14 శాతం మంది మాత్రమే ఎవరినైనా సాయం అడిగారు. 77 శాతం మంది సాయం అడగలేదు సరికదా, ఎవరితోనూ నోరు విప్పలేదు. అడిగినవాళ్ళు కూడా ఎక్కువగా వెళ్ళింది పుట్టింటికే. పోలీసు, లాయరు, డాక్టరు దగ్గరికి చేరినవాళ్ళు చాలా కొద్దిమంది. అంటే మనం కట్టుకున్న వ్యవస్థలన్నీ ఆమె గడప దాటి తమ దగ్గరికి వస్తుందని కాచుకుని కూర్చున్నాయి. ఆమె రాదు. రాలేదు. ఎవరో ఒకరు ఆమె గడప దగ్గరికి వెళ్ళాలి. దూబగుంట వాళ్ళు, యాక్షన్ కమిటీల వాళ్ళు చేసిన పని అదే.

చాలామందికి తెలియని సంగతి ఏమిటంటే, చట్టం కూడా ఈ పనికి చోటిచ్చింది. గృహహింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. ఈ చట్టం కింద కొట్టడం ఒక్కటే హింస కాదు. తిట్టి అవమానించడం, లైంగికంగా బాధపెట్టడం, ఖర్చులకి డబ్బివ్వకపోవడం, ఆమె సంపాదన లాక్కోవడం, ఇంట్లోంచి గెంటెయ్యడం కూడా హింసే. ఇల్లు ఎవరి పేరున ఉన్నా అందులో ఉండే హక్కు ఆమెకి ఉంది. మేజిస్ట్రేటు మామూలుగా మూడు రోజుల్లో మొదటి వాయిదా వెయ్యాలి, అరవై రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలి. రక్షణ ఉత్తర్వు మీరితే ఏడాది వరకు జైలు, లేదా 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. కోర్టుల్లో ఈ గడువులు ఎంతవరకు పాటిస్తున్నారో మీకు నేను చెప్పాల్సిన పని లేదు.

ఆ చట్టంలో నాలుగో సెక్షన్ ఉంది. హింస జరిగిందని గానీ, జరుగుతోందని గానీ, జరగబోతోందని గానీ నమ్మడానికి కారణం ఉన్న ఎవరైనా రక్షణాధికారికి చెప్పొచ్చు. బాధితురాలే చెప్పాలని లేదు. ఆమె చుట్టమే కానక్కర్లేదు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ళ మీద కేసులు, నష్టపరిహారాలు ఉండవు. గోడ అవతలి ఇంటామెకి చట్టం ఇచ్చిన అభయం ఇది. మనకెందుకులే, రేపు మన మీదికొస్తుంది అనే భయానికి ఇది జవాబు. ఈ సెక్షన్ గురించి ప్రతి అంగన్‌వాడీ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాలని నా కోరిక.

పక్కింటివాళ్ళు కదిలితే నిజంగా దెబ్బలు తగ్గుతాయా అని అడిగేవాళ్ళుంటారు. ఉగాండా రాజధాని కంపాలాలో సాసా పేరుతో ఒక ప్రయత్నం జరిగింది. బయటి నుంచి ఉపన్యాసకుల్ని తీసుకురాకుండా, ఆ బస్తీల్లోని మామూలు ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ శిక్షణ ఇచ్చి, వాళ్ళ ఇరుగుపొరుగుతోనే మాట్లాడమన్నారు. సంతలో, పనిచోట, ఇంటి ముందు, వీలైన చోటల్లా. ఎనిమిది బస్తీల్లో నాలుగేళ్ళకు పైగా పరిశీలించి 2014లో ఫలితాలు ప్రకటించారు. భర్త కొట్టడం తప్పు కాదు అనే ఆడవాళ్ళు ఈ పని జరిగిన బస్తీల్లో స్పష్టంగా తగ్గారు. దెబ్బలు కూడా మిగతా బస్తీలతో పోలిస్తే సగం దాకా తక్కువగా కనిపించాయి. ఎనిమిది బస్తీల అధ్యయనం చిన్నదే, దెబ్బల లెక్కని శిలాశాసనంలా తీసుకోకూడదు. కానీ అభిప్రాయం మారింది అన్నది గట్టి ఫలితం. మన 84 శాతాన్ని తలుచుకుంటే అదే పెద్ద ఆశ.

కంపాలాలో మగవాళ్ళతో కూడా మాట్లాడారు, మనం ఆ పని దాదాపు చెయ్యలేదు. మన సమావేశాలన్నీ ఆడవాళ్ళవే. దెబ్బ తినేవాళ్ళకే శిక్షణ, కొట్టేవాళ్ళకి సెలవు. రైతు సంఘంలో, ఆటోస్టాండులో, యువజన సంఘంలో, జూనియర్ కాలేజీలో ఈ మాట ఎత్తేవాళ్ళు కావాలి. పెళ్ళయి నాలుగు నెలలు కాని కుర్రాడితో అతని స్నేహితుడే, ఏరా, చెయ్యి చేసుకున్నావట, అది మగతనం కాదురా అంటే, ఆ మాటకున్న బరువు నా రేడియో ప్రసంగానికి లేదు.

మంచి పనిలో కూడా చేదు ఉంటుంది. అది చెప్పకుండా వదిలితే మీకు సగమే చెప్పినట్టు. సలహా కేంద్రాల్లో చాలా చోట్ల రాజీ కుదరడమే గెలుపుగా లెక్కపెడతారు. రిజిస్టరులో పరిష్కారమైన కేసులు ఇన్ని అని రాస్తారు. పరిష్కారం అంటే చాలాసార్లు ఆమెని మళ్ళీ అదే ఇంటికి పంపించడం. కాపురం నిలబెట్టాం అని సంతోషపడతారు. ఆ కాపురంలో ఆమె ఎలా ఉందన్నది ఏడాది తర్వాత చూసేవాళ్ళు ఎంతమంది? కమిటీలో కూర్చునేవాళ్ళూ ఈ ఊళ్ళలో పుట్టి పెరిగిన ఆడవాళ్ళే. వాళ్ళూ కొన్నిసార్లు, నువ్వూ కాస్త తగ్గమ్మా అనేస్తారు. ఇద్దరిదీ తలా కొంచెం తప్పని పంచిపెట్టేస్తారు. వంట ఆలస్యమవడం, పళ్ళు రాలేలా కొట్టడం తక్కెట్లో చెరో వైపు పెట్టదగినవి కావు. కులం అడ్డం వచ్చినప్పుడు కమిటీలు మరీ తడబడతాయి. దళితవాడలో ఆడమనిషిని పెత్తందారు కొట్టినా, కులాంతర వివాహం చేసుకున్న పిల్లని సొంతవాళ్ళే బెదిరించినా, సంఘంలోనే చీలిక వస్తుంది. అక్కడ సంఘం చేతులెత్తేస్తే బయటి సాయం తప్పనిసరి.

ఆ సాయం దొరికే చోట్లు కొన్ని చెబుతాను. 181 మహిళల సాయం కోసం పెట్టిన నంబరు, రాత్రీ పగలూ పలుకుతుంది, డబ్బులు పడవు. ప్రాణం మీదికి వస్తే 112. లాయరు పెట్టుకునే స్తోమత లేకపోతే న్యాయసేవాధికార సంస్థ నంబరు 15100. ఆడవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ ఉచితంగా లాయర్ని ఇస్తారు. జిల్లా కేంద్రాల్లో సఖి కేంద్రాలున్నాయి. అక్కడ కొద్ది రోజులు ఉండడానికి చోటు, వైద్యం, పోలీసు సాయం, న్యాయసలహా ఒకే కప్పు కింద దొరుకుతాయి. హైదరాబాదులో భూమిక సంస్థ 2006 నుంచి హెల్ప్‌లైన్ నడుపుతోంది, తెలుగులో తీరిగ్గా వింటారు.

పక్కింట్లోంచి అరుపులు వినిపిస్తే, ఫోన్ చేసే ముందు ఏం చెయ్యాలి? తలుపు కొట్టండి. గొడవ ఏమిటని అడగక్కర్లేదు. చక్కెర ఉందా అనో, కరెంటు మీకూ పోయిందా అనో అడగండి. ఆ క్షణానికి చెయ్యి ఆగుతుంది. ఒక్కరే వెళ్ళకండి, ఇద్దరు ముగ్గురు వెళ్ళండి. అతని చేతిలో కత్తో గొడ్డలో ఉంటే మీరు మధ్యలోకి వెళ్ళకుండా 112కి చెయ్యండి. మర్నాడు అతను పనికి వెళ్ళాక ఆమె దగ్గర కూర్చోండి. నువ్వేం చేశావు అని అడగొద్దు. ఆధార్ కార్డు, పిల్లల సర్టిఫికెట్లు, బ్యాంకు పుస్తకం, పెళ్ళి ఫోటో ఒక సంచిలో పెట్టి మీ ఇంట్లో దాచుకోమనండి. దెబ్బలు తగిలితే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళి, ఎలా తగిలాయో చీటీలో రాయించండి. జారిపడ్డానని రాయిస్తే ఆ కాగితం తర్వాత ఆమెకే ఎదురు తిరుగుతుంది. ఆమె ఇప్పుడే బయటికి రానంటే బలవంతం చెయ్యకండి. ఎప్పుడొచ్చినా తలుపు తీస్తానని చెప్పండి. మళ్ళీ తిరిగి వెళ్ళిపోయినా విసుక్కోకండి. ఒకటికి నాలుగుసార్లు వెళ్ళి వచ్చాకే చాలామంది పూర్తిగా బయటపడతారు.

నా మాట వింటున్న వాళ్ళలో సంఘం నాయకురాళ్ళు, పుస్తకాలు రాసే వీవోఏలు ఉంటే మీతో ఒక్క విషయం. మీ సమావేశం ఎప్పుడూ వాయిదాలు, బకాయిలు, కొత్త అప్పులతో మొదలై అక్కడే ముగుస్తుంది. బ్యాంకు మేనేజరు గానీ, మండలంలో సంఘాల పని చూసే ఏపీఎం గానీ వేరే ఏం అడగరు. వచ్చే సమావేశంలో వాయిదాల లెక్క ఎత్తకముందే, ఈ నెలలో మన సంఘంలో ఎవరి ఇంట్లోనైనా చెయ్యి చేసుకోవడం జరిగిందా అని అడగండి. మొదటి నెల ఎవరూ పలకరు. రెండో నెలా పలకకపోవచ్చు. అడగడం మాత్రం మానకండి. ఎవరైనా పలికిన రోజు మినిట్స్ పుస్తకంలో ఆమె పేరు రాయకుండా తేదీ వెయ్యండి. ఆమె ఇంటికి ఎవరెవరు వెళ్ళాలో, ఏ రోజు వెళ్ళాలో, మళ్ళీ ఎప్పుడు వెళ్ళి చూడాలో రాసి, వెళ్ళేవాళ్ళ సంతకాలు తీసుకోండి. దాని కిందే అప్పుల లెక్క రాసుకోండి.